ఆపరేషన్ చేయించాలా, ఆగి చూడాలా? (ఏసీఎల్, డిస్క్, ఫ్రాక్చర్లు అన్నీ ఇక్కడే మాట్లాడుకుందాం)

స్మాష్‌షాట్
అందరికీ హాయ్. షటిల్ ఆడుతూ వెనక్కి దూకి దిగినప్పుడు మోకాలు మెలిపడింది, లోపల టప్‌మని శబ్దం, సాయంత్రానికి బాగా వాచిపోయింది. ఎమ్మారైలో ఏసీఎల్ (మోకాలు జారకుండా లోపల పట్టి ఉంచే లిగమెంట్) పూర్తిగా తెగింది, మెనిస్కస్‌లో (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) చిన్న చీలిక ఉంది అని వచ్చింది. ఒక డాక్టర్ గారేమో ఆలస్యం చేయకుండా కొత్త లిగమెంట్ వేయించుకో, లేకపోతే గుజ్జు అరిగిపోతుంది అన్నారు. ఇంకో డాక్టర్ గారు, ఆవిడా ఆర్థో సర్జనే, మూడు నెలలు ఫిజియో గట్టిగా చేద్దాం, అప్పటికీ మోకాలు జారుతుంటే అప్పుడు చూద్దాం అన్నారు. ఇద్దరూ చూసింది అదే ఎమ్మారై! ఇప్పుడు వాపు తగ్గింది, మామూలుగానే నడుస్తున్నా, మెట్లు దిగేటప్పుడే కొంచెం భయం. ఏసీఎల్ లేకుండా నెట్టుకొస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఏసీఎల్ ఒక్కటే కాదు, వేరే ఎముకల గొడవల్లో కూడా ఎవరు ఏం చేశారో రాయండి, అందరికీ పనికొస్తుంది.

గట్టిగాఅంటా
బ్రో ఇందులో ఆలోచించడానికి ఏముంది, తెగిపోయింది అని ఎమ్మారైలో కనబడుతుంటే వేయించుకోవడమే. ఎక్సర్‌సైజులు చేస్తే తెగిన లిగమెంట్ అతుక్కుంటుందా ఎక్కడైనా? మా ఆఫీసులో ఒకాయన అలాగే ఫిజియో ఫిజియో అని తిరిగి తిరిగి చివరికి ఆపరేషనే చేయించుకున్నాడు, అప్పటికి మెనిస్కస్ కూడా పోయింది. కాలం వేస్ట్.

ఫిజియోపిల్ల
గట్టిగాఅంటా గారూ, "ఎక్కడైనా అతుక్కుంటుందా" అన్నారు కదా, కొందరిలో అతుక్కుంటుందండీ, మేమూ మొదట నమ్మలేదు. స్వీడన్‌లో జరిగిన కానన్ అనే ట్రయల్‌లో (పేషెంట్లని గుంపులు చేసి వైద్యాల్ని పోల్చి చూసే అధ్యయనం) ఫిజియోతో మొదలుపెట్టినవాళ్ళకి రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఎమ్మారై తీస్తే దాదాపు 30 శాతం మందిలో ఏసీఎల్ అతుకుతున్న గుర్తులు కనబడ్డాయి. అందరికీ అలా జరుగుతుందని కాదు, ఎవరికి అతుక్కుంటుందో ముందే చెప్పలేం కూడా, కానీ "అసాధ్యం" అని తేల్చేసే విషయం మాత్రం కాదు.

స్మాష్‌షాట్ గారూ, మీకు అసలు ప్రశ్న లిగమెంట్ ఉందా లేదా అని కాదు, మోకాలు జారుతోందా లేదా అని. తొడ ముందు కండ, వెనక కండ రెండూ బలంగా ఉండి, ఒంటికాలి మీద బ్యాలెన్స్ బాగుంటే ఏసీఎల్ లేకపోయినా జారనివాళ్ళు చాలామందే ఉంటారు. నేరుగా పరుగెత్తడం, సైకిల్, ఈత వీటికి పెద్దగా ఇబ్బంది రాదు. షటిల్, ఫుట్‌బాల్, కబడ్డీ లాంటివి, అంటే పాదం నేలమీద ఉండగానే ఒళ్ళు గిర్రున తిరిగే ఆటలు, అక్కడే అసలు పరీక్ష. మీరు మళ్ళీ షటిల్ ఆడాలనుకుంటున్నారా, ఆడితే ఏ స్థాయిలో, సరదాకా టోర్నమెంట్లకా, అది చెప్పండి ముందు.

స్మాష్‌షాట్
సరదాకేనండీ, వారాంతాల్లో డబుల్స్. టోర్నమెంట్లు అవీ ఏం లేవు. కానీ మానేయాలని మాత్రం లేదు.

ఆర్థోపీజీ
ఆర్థోలో పీజీ చేస్తున్నా, సర్జన్‌ని అవ్వబోయేవాణ్ణి కాబట్టి నేను కత్తి వైపే మాట్లాడతానని ముందే అనుకోకండి :)

కానన్ ట్రయల్ గురించి పైన అన్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 121 మంది, వయసులో ఉండి ఆటలాడేవాళ్ళు. సగంమందికి వెంటనే ఆపరేషన్ ప్లస్ ఫిజియో, మిగతా సగానికి ముందు ఫిజియో, మోకాలు సతాయిస్తే తర్వాత ఆపరేషన్. రెండేళ్ళకీ అయిదేళ్ళకీ చూస్తే నొప్పి, పని చేసుకోవడం, ఆటలు, జీవితం ఎలా ఉంది అనే స్కోర్లలో రెండు గుంపులకీ తేడా రాలేదు. ఎక్స్‌రేలో అరుగుదల కూడా అయిదేళ్ళకి తేడాగా లేదు, అంటే "ఆపరేషన్ చేయించుకోకపోతే గుజ్జు అరుగుతుంది, చేయించుకుంటే అరగదు" అనేది అంత సూటిగా చెప్పే మాట కాదు. ఏసీఎల్ తెగడమే అరుగుదలకి రిస్క్, ఏ దారిలో వెళ్ళినా.

అలాగని నేను అవతలి పక్క దాచను. ఫిజియోతో మొదలుపెట్టినవాళ్ళలో అయిదేళ్ళు గడిచేసరికి సగంమంది ఆపరేషన్ చేయించుకున్నారు.

గట్టిగాఅంటా
అదిగో, మీరే చెప్తున్నారు సగంమందికి చివరికి ఆపరేషనే అని. అంటే ఫిజియో సగం ఫెయిలే కదా, దానికి "తేడా రాలేదు" అని పేరు పెట్టడం ఎందుకు

లెక్కలమాస్టారు
గట్టిగాఅంటా తమ్ముడు పట్టుకున్న పాయింటు చిన్నది కాదు, దాన్ని అలా తీసిపారేయకూడదు. ఇలాంటి ట్రయల్స్ అన్నిట్లోనూ ఉండే చిక్కే ఇది. ఎవరిని ఏ గుంపులో వేశారో చివరిదాకా ఆ గుంపు కిందే లెక్కకడతారు, మధ్యలో గుంపు మారినా సరే. కాబట్టి "ఫిజియో గుంపు బాగుంది" అంటే అందులో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ మంచి ఫలితం కూడా కలిసి ఉంది. అందుకని ఆ ట్రయల్‌ని చదవాల్సింది "ఫిజియో సమానం ఆపరేషన్" అని కాదు. "అందరికీ మొదటిరోజే కత్తి పెట్టడం" ఒక పద్ధతి, "ముందు ఫిజియో, అవసరమైనవాళ్ళకే కత్తి" ఇంకో పద్ధతి, ఈ రెండు పద్ధతులకీ చివర్లో తేడా రాలేదు, రెండో పద్ధతిలో సగంమందికి ఆపరేషన్ తప్పిపోయింది. సగం ఫెయిల్ అని మీరు అంటున్నది నాకు సగంమందికి అనవసరమైన ఆపరేషన్ తప్పింది అని కనబడుతోంది. లెక్క ఒక్కటే, ఏ వైపు నుంచి చూస్తున్నాం అనేదే.

కాకపోతే ఒక షరతు. ఆగడం వల్ల నష్టం లేని రోగానికే ఈ పద్ధతి చెల్లుతుంది. ఆగినందుకు తర్వాత చేసే ఆపరేషన్ ఫలితం పాడయ్యేదైతే లెక్క మొత్తం తిరగబడుతుంది. నన్నడిగితే ఈ థ్రెడ్ మొత్తం తిరగాల్సింది ఆ ఒక్క ప్రశ్న చుట్టూ, ఆగితే ఏం పోతుంది అని.

ఆర్థోపీజీ
మాస్టారూ కరెక్ట్‌గా చెప్పారు. ఏసీఎల్‌లోనే దానికి ఉదాహరణ ఉంది. బ్రిటన్‌లో స్నాప్ అనే ట్రయల్, 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 316 మంది. వీళ్ళు దెబ్బ తగిలిన కొత్తలో ఉన్నవాళ్ళు కాదు, పాతబడి మోకాలు జారుతూనే ఉన్నవాళ్ళు. వీళ్ళల్లో ఆపరేషన్ గుంపుదే పైచేయి అయింది. అంటే మోకాలు మాటిమాటికీ జారుతున్నా "ఇంకా ఫిజియో చేద్దాం" అని సాగదీయడం మంచిది కాదు, జారిన ప్రతిసారీ మెనిస్కస్ మీద దెబ్బ పడుతుంది. గట్టిగాఅంటా గారి ఆఫీసాయన కథ బహుశా అదే.

ఇంకోటి, మెనిస్కస్ చీలి ముక్క మధ్యలో ఇరుక్కుని మోకాలు పూర్తిగా చాపలేకపోతుంటే, బకెట్ హ్యాండిల్ టేర్ అంటాం, అది ఆగే కేసు కాదు, త్వరగా కుట్టాలి. స్మాష్‌షాట్ గారూ మీ కాలు పూర్తిగా చాపగలుగుతున్నారా?

స్మాష్‌షాట్
చాపగలుగుతున్నా, రెండో కాలితో పోలిస్తే రవ్వంత తక్కువ అనిపిస్తుంది అంతే. ఇరుక్కోవడం లాంటిది ఏం లేదు.

ఫిజియోపిల్ల
ఆ రవ్వంత కూడా వదలకండి. ఆపరేషన్ చేయించుకున్నా చేయించుకోకపోయినా మొదటి పని అదే, కాలు పూర్తిగా చాపడం, తొడ కండ మేల్కొనడం. వాపు ఉండగా, కాలు చాపలేని స్థితిలో హడావిడిగా ఆపరేషన్ చేస్తే తర్వాత మోకాలు బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి మీరు ఏ డాక్టర్ మాట విన్నా రాబోయే కొన్ని వారాలు చేసేది ఒకటే, అందుకని ఈరోజే తేల్చేయాలని కంగారు పడొద్దు.

ఇంకో విషయం, చాలామంది ఫిజియో చేశాం పని చేయలేదు అంటారు, ఏం చేశారండీ అంటే మెషీన్ పెట్టించుకున్నాం, వేడి కాపడం పెట్టించుకున్నాం, పడుకుని కాలు పైకెత్తాం అంటారు. అది ఫిజియో కాదు, కాలక్షేపం. బరువులతో స్క్వాట్లు, ఒంటికాలి గెంతులు, దిశ మార్చి పరుగు, వారంవారం బరువు పెంచుకుంటూ పోవాలి, నెలల తరబడి. రెండు కాళ్ళ బలం కొలిచి, దెబ్బ తగిలిన కాలు బాగున్న కాలిలో కనీసం 90 శాతానికి వస్తేనే ఆటలోకి పంపిస్తాం. ఆపరేషన్ అయినవాళ్ళని కూడా తొమ్మిది నెలల లోపు ఆడనివ్వకూడదు, నార్వేవాళ్ళు చూసిన లెక్కలో తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకీ మళ్ళీ మోకాలి దెబ్బ తగిలే అవకాశం దాదాపు సగానికి తగ్గుతూ వచ్చింది. ఆపరేషన్ చేయించుకుంటే ఫిజియో తప్పుతుంది అనుకునేవాళ్ళే ఎక్కువ, తప్పదు, ఇంకా పెరుగుతుంది.

రెండుచక్రాలు
అన్నా నాది వేరే కథ. సైకిల్ మీదికెల్లి పడ్డ, కాలర్‌బోన్ మధ్యల ఇరిగి రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కినయ్. మొదలు చూసిన డాక్టర్ స్లింగ్ ఏస్కో అదే అతుకుతది అన్నడు. నేనే జబర్దస్తీగ ప్లేట్ ఏపిచ్చుకున్న, ఇప్పుడు చెయ్యి మంచిగున్నది గని చర్మం కింద ప్లేట్ తగుల్తది, బ్యాగ్ ఏస్కుంటే నొస్తది, ఛాతి పైన కొంత జాగల తిమ్మిరి ఇంక పోలే. తీపిచ్చుకోవాల్నా ఉంచుకోవాల్నా సమజ్ అయితలేదు. అసల్ ప్లేట్ అవసరమే లేకుండెనా?

ఆర్థోపీజీ
అన్నా అవసరమే లేదు అనలేం. కాలర్‌బోన్ కథ మా సబ్జెక్టులో అటూ ఇటూ ఊగిన కథ. 1960లో నీర్ అనే అమెరికా సర్జన్ 2,235 కేసులు చూసి ముగ్గురికే అతకలేదు అని రాశాడు, దాంతో ఎన్నో దశాబ్దాలు కాలర్‌బోన్ అంటే స్లింగే. తర్వాత కెనడావాళ్ళు 2007లో బాగా పక్కకి జరిగిన కేసుల్నే తీసుకుని 132 మంది మీద ప్లేటుకీ స్లింగుకీ పోటీ పెడితే స్లింగ్ గుంపులో అతకనివి, వంకరగా అతికి ఇబ్బంది పెట్టినవి బాగా ఎక్కువ వచ్చాయి. పాత లెక్కలో పిల్లలు కూడా కలిసిపోవడం ఒక కారణం, పిల్లల ఎముక దాదాపు ఎలా వదిలినా అతుక్కుంటుంది.

కాబట్టి ముక్కలు జరగకపోతే స్లింగ్. మీలాగా ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఎముక పొట్టిదైపోతే రెండు దారులూ తప్పు కాదు. స్లింగ్‌తో వెళ్తే ఎక్కువమందికి అతుకుతుంది, అతకని కొద్దిమందికి తర్వాత ప్లేట్ వేయొచ్చు. ప్లేటుతో వెళ్తే అతుకుతుందనే భరోసా ఎక్కువ, చేయి త్వరగా వాడొచ్చు, దానికి మూల్యం మీరు చెప్పినవే, తిమ్మిరి, ప్లేటు తగలడం, కొందరికి ఇన్‌ఫెక్షన్, మళ్ళీ తీయించుకోవడానికి ఇంకో ఆపరేషన్. ఆ తిమ్మిరి కాలర్‌బోన్ మీదుగా వెళ్ళే చిన్న నరాల వల్ల, చాలామందిలో ఉంటుంది. ప్లేట్ ఇబ్బంది పెడితే ఎముక పూర్తిగా గట్టిపడ్డాక తీయించొచ్చు, ఇబ్బంది లేకపోతే అలాగే ఉంచేయొచ్చు. తీసిన తర్వాత కొన్నాళ్ళు స్క్రూల రంధ్రాల దగ్గర ఎముక బలహీనంగా ఉంటుంది, సైకిల్ రేసులు ఆపాలి.

రెండుచక్రాలు
గట్లనా. ఆ రేసులు ఆపుడే కష్టం అన్నా 😅

నడుమునొప్పిక్లబ్
నా వంతు. డిస్క్ జారి కాలంతా కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి, కూర్చోలేను పడుకోలేను. ఎమ్మారై రిపోర్టు చదివితే ఇంక జీవితం అయిపోయింది అనిపించింది, "నరాన్ని బాగా నొక్కుతోంది" అని రాశారు. డాక్టర్ గారు మాత్రం కాలు బొటనవేలు పైకెత్తమన్నారు, మడమల మీద నడవమన్నారు, మూత్రం సరిగ్గా వస్తోందా అని అడిగారు, అన్నీ బాగున్నాయి కాబట్టి ఆగుదాం అన్నారు. నెలన్నర దాటాక మెల్లగా తగ్గడం మొదలైంది, ఇప్పుడు మామూలుగానే ఉన్నా. జారిన డిస్క్ ముక్కని ఒళ్ళే మెల్లగా కరిగించేసుకుంటుందట, పెద్ద ముక్క అయితే ఇంకా బాగా కరుగుతుందట, ఇది నాకు భలే విచిత్రం అనిపించింది. కాబట్టి నడుం ఆపరేషన్ ఎవరూ చేయించుకోకండి అని నా సలహా

లెక్కలమాస్టారు
మీకు తగ్గినందుకు సంతోషం బాబూ, కానీ చివరి వాక్యం వెనక్కి తీసుకోండి. నెదర్లాండ్స్‌లో 283 మంది మీద 2007లో ఒక ట్రయల్ వచ్చింది, ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికా (మీకు వచ్చినట్టే నడుం దగ్గర నరం నొక్కుకుని కాల్లోకి పాకే నొప్పి) ఉన్నవాళ్ళు. ఏడాది గడిచేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది బాగైపోయామన్నారు, కానీ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి నొప్పి చాలా ముందే పోయింది. ఆగిన గుంపులోనూ 39 శాతం మంది భరించలేక ఏడాదిలోపే చేయించుకున్నారు. అంటే ఇక్కడ ఆపరేషన్ కొనిపెట్టేది వేగం. ఆ నెలల నొప్పి భరించగలరా, పనికి వెళ్ళకుండా కూర్చోగలరా అనేది ఒక్కొక్కరి పరిస్థితి. ఇంకోటి, నాలుగు నెలలు దాటినా తగ్గని సయాటికాలో ఆపరేషనే మేలు అని కెనడా ట్రయల్ 2020లో చూపించింది. కాబట్టి ఆగడానికీ ఒక గడువుంటుంది.

మోడరేటర్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఇది మాత్రం పైన పిన్ చేస్తున్నా. నడుం నొప్పితో పాటు మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల మధ్య తిమ్మిరి, రెండు కాళ్ళలోనూ బలహీనత, వీటిల్లో ఏది వచ్చినా ఫోరంలో పోస్టు పెట్టి జవాబు కోసం చూడకండి, ఆ రోజే, ఆ గంటే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. అలాగే విరిగిన ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే, కట్టు వేశాక నొప్పి మందులకి లొంగకుండా పెరుగుతూ వేళ్ళు కదిపితే ప్రాణం పోతుంటే, వేళ్ళు చల్లబడి తెల్లబడితే, జ్వరంతో పాటు ఒక కీలు ఎర్రగా వాచి కదపలేకపోతే, ఇవేవీ "ఆపరేషనా ఆగడమా" చర్చలోకి రావు. ఈ థ్రెడ్‌లో ఎవరూ ఎవరికీ "చేయించుకోకండి" అని రాయొద్దు దయచేసి, మీకేం జరిగిందో రాయండి.

నడుమునొప్పిక్లబ్
సరే అండీ, వెనక్కి తీసుకున్నా 🙏

అమ్మకోసం
మా అమ్మగారికి ఎనభై దాటాయి. బాత్‌రూంలో జారి తుంటి విరిగింది, నిన్ననే. గుండె మందులు, షుగర్ ఉన్నాయి. సర్జన్ గారు రేపే ఆపరేషన్ అంటున్నారు. బంధువులేమో ఈ వయసులో మత్తు తట్టుకోలేదు, మంచం మీద ఉంచి సేవ చేసుకుందాం, ఎముక మెల్లగా అదే అతుకుతుంది అంటున్నారు. పైన అందరూ ఆగితే మంచిది అన్నట్టు రాస్తుంటే ఇంకా అయోమయంగా ఉంది. ఏం చేయాలి?

ఆర్థోపీజీ
అమ్మకోసం గారూ, మీరు పై పోస్టులన్నీ పక్కన పెట్టేయండి, తుంటి వేరు. మాస్టారు అడిగిన ప్రశ్ననే ఇక్కడ అడిగితే, ఆగితే ఏం పోతుంది, దాదాపు అన్నీ పోతాయి. తుంటి విరిగిన పెద్దవాళ్ళని మంచం మీద ఉంచితే మొదట చంపేది ఎముక కాదు. కదల్లేక ఊపిరితిత్తుల్లో నిమ్ము, వీపు కింద పుండ్లు, కాళ్ళలో రక్తం గడ్డలు, మూత్రం ఇన్‌ఫెక్షన్, పక్క మార్చిన ప్రతిసారీ నొప్పి. అతకడం అంటారా, తుంటి ఎముక మెడ దగ్గర విరిగితే పైనున్న బంతికి రక్తం అందే దారే తెగిపోతుంది, అది ఊరికే ఉంచితే చాలావరకు అతకదు. అందుకే అక్కడ సగం కీలు మార్చేస్తారు. ఇంకొంచెం కింద విరిగితే అతుకుతుంది కానీ వంకరగా, పొట్టిగా, అదీ వారాల తరబడి ట్రాక్షన్‌లో, అంటే కాలికి బరువు కట్టి లాగి ఉంచి, పడుకున్న తర్వాత.

మత్తు రిస్క్ నిజమే, ఎవరూ కాదనరు. కానీ పోల్చాల్సింది ఆపరేషన్ రిస్క్‌నీ జీరో రిస్క్‌నీ కాదు, ఆపరేషన్ రిస్క్‌నీ మంచం రిస్క్‌నీ. ఆస్పత్రిలో చేర్చిన రోజు లేదా మర్నాడే చేయాలని బ్రిటన్ గైడ్‌లైన్స్ చెప్తున్నాయి. ఆరు గంటల్లోపు చేస్తే ఇంకా మంచిదా అని 2,970 మంది మీద పెద్ద ట్రయల్ చేశారు, ప్రాణాల విషయంలో తేడా రాలేదు, అంటే గుండె డాక్టర్ చూసి, షుగర్ సరిచేసి ఒక రోజులో చేసినా కంగారు పడక్కర్లేదు. రోజులు దాటించకండి, అంతే.

లెక్కలమాస్టారు
అమ్మా, దీనికి ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. ముందునుంచీ పూర్తిగా మంచానికే పరిమితమై, ఇంక కొద్దికాలమే అని డాక్టర్లే అన్న చాలా బలహీనమైన మనిషి అయితే ఆపరేషన్ వద్దనుకుని నొప్పి తెలియకుండా మందులిస్తూ చూసుకోవడం కూడా ఒప్పుకోదగ్గ దారేనని నెదర్లాండ్స్‌లో అధ్యయనం చేసి చూపించారు. కానీ ఆ దారి ఎంచుకున్నవాళ్ళలో ఎక్కువమంది నెల లోపలే పోయారు, ఇంట్లోవాళ్ళకి ఆ సంగతి ముందే తెలుసు. "ఉంచితే అదే అతుకుతుంది" అని కాదు వాళ్ళు ఆగింది. పడకముందు మీ అమ్మగారు ఎలా ఉండేవారు?

అమ్మకోసం
పడిన రోజు పొద్దున కూడా తన పనులన్నీ తనే చేసుకుంది అండీ. ఒక్కతే నడిచేది.

ఫిజియోపిల్ల
అయితే ఆలోచించకండి అక్కా. ఆపరేషన్ మర్నాడే మంచం దింపి నిలబెడతారు, భయపడి వద్దనకండి, ఆ నిలబెట్టడం కోసమే ఆపరేషన్ చేసేది. ఒక పని మాత్రం అడగండి, ఎముక బలానికి మందులు ఎప్పుడు మొదలుపెడతారని. తుంటి బాగుచేసి పంపించేస్తారు, ఎముకలు గుల్లబారిన సంగతి మర్చిపోతారు, తర్వాత రెండో తుంటి.

గట్టిగాఅంటా
నేను చెప్తే ఆపరేషన్ పిచ్చోడు అన్నారు, ఇప్పుడు మీరే చెప్తున్నారు 😀 సరే నాకొకటి చెప్పండి, మా మామయ్యకి అరవై, మోకాళ్ళు అరిగాయి, ఎమ్మారైలో మెనిస్కస్ చీలిక కూడా ఉంది. దూర్బీన్ (సన్నటి కెమెరా గొట్టం) పెట్టి శుభ్రం చేస్తాం, చిన్న రంధ్రాలే, సాయంత్రానికి ఇంటికి అంటున్నారు. ఇదైనా చేయించుకోవచ్చా లేదా

ఆర్థోపీజీ
హహ, మీరు సరైన చోటే గుచ్చారు. ఆర్థోలో చేతులు కాల్చుకున్న చోటు అదే. 2002లో అమెరికాలో ఒక సర్జన్ 180 మందిని తీసుకుని కొందరికి నిజంగా దూర్బీన్ పెట్టి శుభ్రం చేశాడు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి లోపల ఏమీ చేయలేదు, ఎవరికేం చేశారో పేషెంట్లకి తెలియదు. రెండేళ్ళయినా ఇద్దరికీ తేడా లేదు! తర్వాత ఫిన్లాండ్‌వాళ్ళు 2013లో, అరుగుదల లేకుండా మెనిస్కస్ చీలిక మాత్రమే ఉన్న 146 మంది మీద అదే చేశారు, దొంగ ఆపరేషనూ నిజం ఆపరేషనూ ఒకటే ఫలితం. భుజం ఎముక గీకే ఆపరేషన్‌కీ బ్రిటన్‌లో 2018లో అదే గతి పట్టింది.

విచిత్రం ఏంటంటే ఆపరేషన్ అయినవాళ్ళు బాగున్నామనే అంటారు, అబద్ధం చెప్పరు, నిజంగానే బాగవుతారు. ఏమీ చేయనివాళ్ళూ అంతే బాగయ్యారు, అదే చిక్కు. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడే మనిషి ఆస్పత్రికి వస్తాడు, అక్కణ్ణుంచి ఎలాగూ కొంత తగ్గుతుంది, ఆ క్రెడిట్ చివర చేసిన పనికి పోతుంది.

ఆ వయసులో మెనిస్కస్ చీలిక అనేది నెరిసిన జుట్టు లాంటిది, నొప్పి లేనివాళ్ళకి తీసినా కనబడుతుంది. మీ మామయ్యగారికి బరువు తగ్గడం, తొడ కండలు పెంచడం, నొప్పి మాత్రలు అవసరానికి, ఇవి నెలల తరబడి సరిగ్గా చేశాక కూడా రాత్రిళ్ళు నిద్ర పట్టక, నాలుగడుగులు వేయలేకపోతే అప్పుడు మోకాలు మార్పిడి. అది మాత్రం పనిచేసే ఆపరేషన్. డెన్మార్క్‌లో 100 మంది మీద చూస్తే ఏడాదికి మార్పిడి గుంపు స్పష్టంగా ముందుంది, కాకపోతే పెద్ద కాంప్లికేషన్లు కూడా ఆ గుంపులోనే ఎక్కువ, ఇక ఆపరేషన్ లేని గుంపులో ఏడాదికి నాలుగో వంతు మందే మార్పిడికి వెళ్ళారు.

గట్టిగాఅంటా
చర్మం మీద గాటు పెట్టి పంపించారా!! ఇది నిజమా? సరే మామయ్యకి ఈ లింకు పంపిస్తున్నా.

పరుగులరాణి
నేను అకిలిస్ టెండన్ (పిక్కని మడమకి కలిపే తాడు) తెగినదాన్ని, ఎవరో వెనకనుంచి మడమ మీద తన్నారనుకుని తిరిగి చూశా, ఎవరూ లేరు. ఆపరేషన్ లేకుండా బూట్‌తో వెళ్ళాను, మడమ కింద ముక్కలు పెట్టి పాదం కిందికి వంచి, మెల్లగా ఒక్కో ముక్క తీస్తూ వచ్చారు. బాగానే పరుగెత్తుతున్నా కానీ పిక్క సన్నబడింది, అది మాత్రం పూర్తిగా రాలేదు. ఆపరేషన్ చేయించుకుంటే వచ్చేదా అని ఎప్పుడూ ఒక అనుమానం

ఫిజియోపిల్ల
చేయించుకున్నవాళ్ళకీ పిక్క కొంత తగ్గుతుందండీ, అది మీ నిర్ణయం వల్ల కాదు. నార్వేలో 526 మంది మీద చేసి 2022లో వేశారు, ఏడాదికి ఆపరేషన్ చేసినా చేయకపోయినా పనితనంలో తేడా లేదు. మళ్ళీ తెగడం మాత్రం ఆపరేషన్ లేనివాళ్ళలో 6.2 శాతం, ఉన్నవాళ్ళలో 0.6 శాతం. దానికి బదులు ఆపరేషన్ అయినవాళ్ళలో నరం దెబ్బతినడం ఎక్కువ. మీరు మళ్ళీ తెగే ఆ మొదటి నెలలు దాటేశారు కాబట్టి ఇంక ఒంటికాలి మీద మునివేళ్ళ మీద లేవడం, బరువుతో, అది వదలకుండా చేయండి.

బూట్ కథలో అందరికీ ఒకటి చెప్పాలి. ఆపరేషన్ లేకుండా చేసే వైద్యం అంటే వదిలేయడం కాదు. తెగిన మొదటి రోజుల్లోనే పాదం కిందికి వంచి పెట్టాలి, టెండన్ చివరలు దగ్గరికి రావాలి. వారాల తరబడి "బెణికిందిలే" అని తిరిగి అప్పుడొచ్చి నాకు ఆపరేషన్ వద్దు బూట్ ఇవ్వండి అంటే ఆ అవకాశం అప్పటికే పోయి ఉంటుంది.

మణికట్టుమనిషి
పాత థ్రెడ్ అనుకోకుండా దొరికింది, ఇంకా ఎవరైనా చూస్తున్నారా? చేయి ఆనించి పడ్డాను, స్కాఫాయిడ్ (మణికట్టులో బొటనవేలి వైపుండే చిన్న ఎముక) ఫ్రాక్చర్, మధ్యలో, ముక్కలు పెద్దగా జరగలేదు అన్నారు. స్క్రూ వేస్తామన్నారు ఒకచోట, ఇంకోచోట పిండికట్టు వేశారు. ఇప్పుడు కట్టు విప్పారు, నొప్పి బాగా తగ్గింది కానీ ఎక్స్‌రేలో గీత ఇంకా కనబడుతోంది. సిగరెట్లు తాగుతా, అది చెప్పలేదు డాక్టర్‌కి. నొప్పి లేదు కదా జిమ్‌కి వెళ్ళిపోవచ్చా?

ఆర్థోపీజీ
చూస్తున్నాం. జిమ్ వద్దు, ముందు సీటీ స్కాన్. స్కాఫాయిడ్‌కి రక్తం వేళ్ళవైపు కొస నుంచి వెనక్కి పారుతుంది, మధ్యలో విరిగితే వెనక ముక్క ఆకలితో మాడుతుంది, అందుకే ఇది మెల్లగా అతికే ఎముక, నొప్పి తగ్గడాన్ని బట్టి అతికిందని చెప్పలేం, మామూలు ఎక్స్‌రే కూడా మోసం చేస్తుంది. మీకు కట్టు వేసినవాళ్ళు తప్పు చేయలేదు, 2 మిల్లీమీటర్ల లోపు జరిగిన స్కాఫాయిడ్ మీద ఇంగ్లండ్, వేల్స్‌లో 439 మందితో 2020లో ట్రయల్ వచ్చింది, ఏడాదికి స్క్రూకీ కట్టుకీ తేడా లేదు. కానీ ఆ ట్రయల్‌లోనే రెండో సగం ఉంది, అతకలేదని అనుమానం వస్తే వెంటనే స్కాన్ తీసి, అతకకపోతే ఆలస్యం లేకుండా స్క్రూ వేయాలి. కట్టు వేసి మర్చిపోతే ఏళ్ళ తర్వాత మణికట్టు మొత్తం అరిగిపోయి వస్తారు. సిగరెట్ల సంగతి ఈసారి చెప్పండి, అతకకపోవడానికి అదొక పెద్ద కారణం.

మణికట్టుమనిషి
సీటీకి రాయించుకున్నా. సిగరెట్ మాట చెప్పక తప్పదా

ఫిజియోపిల్ల
తప్పదు. మానేస్తే చెప్పక్కర్లేదు 😄 స్కాన్ వచ్చేదాకా ఆ చేత్తో బరువులెత్తకండి, పుషప్స్ అస్సలొద్దు. భుజం, మోచేయి, వేళ్ళు మాత్రం రోజూ కదుపుతూ ఉండండి.